రెండు పేర్ల నడుమ నేను

నేను ఒక గుర్తుని. అక్షరాన్ని కాదు, అంకెను కాదు. కామా, ఫుల్‌స్టాపుల్లాగా బళ్లో పాఠం చెప్పించుకునే యోగం కూడా నాకు లేదు. అయినా మీరు నన్ను రోజూ చూస్తూనే ఉంటారు. బట్టల కొట్టు బోర్డు మీద తండ్రి పేరుకీ 'సన్స్'కీ మధ్య, లాయరు గారి గుమ్మం పక్కన ఆయనకీ ఆయన జూనియర్లకీ మధ్య, జంతికలా మెలితిరిగి ఇలా & కూర్చుని ఉంటాను. అందరూ నన్ను 'అండ్' అని చదివేసి ముందుకు పోతారు. నా అసలు పేరు ఆంపర్‌సాండ్ అని తెలిసినవాళ్లను మన వైపు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాకేం బాధ లేదు. ఇద్దరి మధ్య కాస్త చోటు దొరికితే చాలు, పిలుపుతో పనేముంది.

మా వంశం పాతది. ఎప్పుడో పరాయి దేశంలో పుస్తకాలు చేత్తో రాసుకునే రోజుల్లో, 'మరియు' అనే అర్థమున్న రెండక్షరాల మాటను గబగబా రాయబోయి ఆ రెండింటినీ ముడేసిన రాతగాళ్ల తొందరలోంచి మేం పుట్టాం. నా సొంత జన్మ మాత్రం రేపల్లెలో, స్టేషను రోడ్డులో రిజ్వానా నెట్ సెంటర్లో, ఏడో అంకె అరిగిపోయిన కీబోర్డు మీద జరిగింది. షిఫ్టూ ఏడూ కలిపి నొక్కితే నేను తెర మీద పడతాను. పురుడు అంతే.

నాకు జన్మనిచ్చిన రిజ్వానా ముప్పై ఏళ్ల మనిషి. జిరాక్సులు తీస్తూ, హాల్ టికెట్లు ప్రింటు కొడుతూ, మధ్యలో దొరికిన తీరికలో వెబ్‌సైట్లు తయారుచేయడం తనంతట తనే నేర్చుకుంది. రేపల్లెలో ఉన్న ప్రతి కొట్టునూ ఇంటర్నెట్‌లోకి ఎక్కించాలని ఆమె పట్టుదల. కొట్లవాళ్లకి ఆ పట్టుదల లేదు. పట్టుబట్టి ఒప్పించగా ఒప్పించగా, చివరికి పక్క వీధిలోని శేషగిరి, మస్తాన్‌రావు దొరికారు.

వీళ్లది డ్రామా డ్రెస్సుల కంపెనీ. శేషగిరికి అరవై రెండేళ్లు. కిరీటాలకు అద్దాలు అతికించడం, రాజుల అంగరఖాలకు జరీ కుట్టడం, వేషగాళ్ల మొహాలకు రంగు వెయ్యడం ఆయన విద్య. మస్తాన్‌రావు ఆయనకన్నా ఆరేళ్లు చిన్న. హార్మోనియం వాయిస్తాడు, తెరలు కడతాడు. వనం తెర, దర్బారు తెర, కైలాసం తెర, ఏది ఏ అంకానికి దించాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా డెల్టాలో ఎక్కడ పద్యనాటకం ఆడినా రాజులకు కిరీటాలు ఒకరు పెడుతుంటే, వాళ్ల వెనక రాజ్యాలు ఇంకొకరు వేలాడదీసేవారు. ఇప్పుడు నాటకాలు తగ్గాయి, స్కూలు వార్షికోత్సవాలు పెరిగాయి. యుద్ధానికి వెళ్లే పెద్ద దుర్యోధనుల బదులు, వేదిక ఎక్కగానే ఏడుపు లంకించుకునే బుల్లి కృష్ణులు ఎక్కువయ్యారు. కంపెనీ మాత్రం నడుస్తూనే ఉంది.

ఆ కంపెనీలో ఒక కట్టుబాటు ఉంది. పాతికేళ్ల కిందట ఒకసారి ఏదో ఊళ్లో ఆటకి ముందు పెట్టె తెరిచి, తాడు కట్టకుండా ఇద్దరూ టీ తాగడానికి వెళ్లారట. వచ్చేసరికి ఎలుక కృష్ణుడి కిరీటంలో కాపురం పెట్టేసింది. ఆ పూట కౌరవ సభకు రాయబారానికి వెళ్లిన కృష్ణుడు తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. అప్పటినుంచి ఇద్దరూ ఒట్టేసుకున్నారు. పెట్టె ఎవరు తెరిచినా, ఏమీ తియ్యకపోయినా, ఊరికే తొంగి చూసినా సరే, మూత వేసి తాడు బిగించి గానీ అక్కడినుంచి లేవకూడదు. ఈ ఒట్టు వాళ్ల చేతులకు ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో బియ్యం డబ్బా మూతలు కూడా రెండుసార్లు నొక్కి చూసేవారు.

పేరు రాయించే రోజున ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని రిజ్వానా దగ్గరికి వచ్చారు.

"అన్న పేరు ముందేయమ్మా," అన్నాడు మస్తాన్‌రావు.

"ముందూ ఎనకా ఏముందిలేరా, ఇద్దరిదీ ఒకటే వరస," అన్నాడు శేషగిరి. అన్నాడే గానీ కాదనలేదు.

అలా 'శేషగిరి & మస్తాన్‌రావు డ్రామా డ్రెస్సుల కంపెనీ, రేపల్లె' అని రాసినప్పుడు నేను పడ్డాను. ఎడమవైపు కిరీటాలు, కుడివైపు తెరలు, నడుమ నేను. కింద దుర్యోధనుడి కిరీటం ఫొటో. పేజీ సిద్ధమయ్యాక రిజ్వానా ఇద్దరి ఫోన్లలోనూ ఒక చిన్న బొమ్మ పెట్టి, దాన్ని నొక్కితే పేజీ లోపలి గదిలోకి, అంటే పేరూ ఫొటోలూ మార్చుకునే చోటికి, నేరుగా వెళ్లేలా చేసింది. "దీని తాళం మీ ఇద్దరి దగ్గరే ఉంటది బాబాయ్, మూడో మనిషి మార్చలేరు," అని భరోసా ఇచ్చింది. ఇంగ్లీషు వాళ్లకి ఇబ్బందని, 'సేవ్' అని ఉండాల్సిన మీట మీద తెలుగులో 'భద్రపరచు' అని కూడా రాసింది. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఎలా ముంచిందో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. కొట్టు బోర్డు మీద నేను ఉత్త 'అండ్'ని. వెబ్ పేజీలో అలా కాదు. పేజీని చదివి మీకు చూపించే బ్రౌజరుకి నేనంటే చచ్చేంత అనుమానం. నేను కనబడితే చాలు, తెర ముందుకు సూత్రధారుడు వచ్చాడు, వెనకాల ఏదో పాత్ర రాబోతోందని కాచుకుని కూర్చుంటుంది. దానికి కారణం ఉంది. లెక్కల్లో తక్కువా ఎక్కువా చూపే కోణం గుర్తుల్లాంటివి కొన్నింటిని పేజీలో ఉన్నవి ఉన్నట్టు రాయకూడదు. రాస్తే బ్రౌజరు వాటిని పేజీ ఎలా కట్టాలో చెప్పే ఆజ్ఞలనుకుని అమలు చెయ్యబోతుంది. అందుకని వాటికి మారుపేర్లు పెట్టారు. ప్రతి మారుపేరూ నాతో మొదలై సెమికోలన్‌తో ముగుస్తుంది.

మరి ఎవరినీ ప్రవేశపెట్టకుండా నేను నేనుగా కనబడాలంటే ఎలా? నాకూ ఒక మారుపేరు కావాలి. నా వెనక ఏ, ఎమ్, పీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఆపైన ఒక సెమికోలన్. ఇలా చుట్టి దాచడాన్ని ఎన్‌కోడింగ్ అంటారు. చూపించే ముందు ఆ చుట్టు విప్పడం డీకోడింగ్. ఒకసారి చుట్టాలి, ఒకసారి విప్పాలి. ఇంతకన్నా గొప్ప రహస్యమేమీ ఇందులో లేదు, ఇది చెప్పడానికి మీకు లావుపాటి పుస్తకాలు ఎందుకో నాకు తెలియదు.

రిజ్వానా రాసిన ప్రోగ్రాములో చుట్టే పని శుభ్రంగా ఉంది. మార్చుకోవడానికి లోపలి గది తెరిచినప్పుడు ముందుగా చుట్టు విప్పి చూపించాలన్న ముక్క మాత్రం ఆమె మరిచిపోయింది. దాంతో ఆ గదిలో నేను చుట్టుతోనే కనబడేదాన్ని. అప్పుడు 'భద్రపరచు' నొక్కితే, చుట్టి ఉన్న నన్నే పట్టుకుని మళ్లీ చుట్టేది. ఇంకోసారి నొక్కితే ఇంకో చుట్టు. బయట బ్రౌజరు మాత్రం తన ధర్మం ప్రకారం ఒక్కటంటే ఒక్క చుట్టే విప్పేది. విప్పని చుట్లన్నీ ఏ, ఎమ్, పీ, సెమికోలన్, ఏ, ఎమ్, పీ, సెమికోలన్ అని నా వెనక తోకల్లా వేలాడేవి. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

ఇవేమీ తెలియని శేషగిరి మొదటి వారమంతా మురిసిపోయాడు. పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, ఫోను తీసి తన పేరు చూసుకునేవాడు. చూసుకుని ఊరుకుంటే ఏ గొడవా లేదు. తెరిచాడు కదా, తెరిచినదాన్ని అలా వదిలేసి లేవడం ఆయన ఇంటా వంటా లేదు. కింద 'భద్రపరచు' అని ఉంది. వేలితో గట్టిగా నొక్కి, నొక్కుకుందో లేదో చూసి, అప్పుడు ఫోను జేబులో పెట్టుకునేవాడు. వెనక గదిలో తెరలు మడతపెడుతూ మస్తాన్‌రావు కూడా సరిగ్గా అదే చేసేవాడు. రోజుకు రెండు తోకలు.

ఎనిమిదో రోజున శేషగిరి కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తన పేరు పైనే ఉంది. దాని పక్కన నేను. నా వెనక ఏవో ఇంగ్లీషు అక్షరాల బారు. మస్తాన్‌రావు పేరు ఆ వరసలో లేదు. వేలితో కొంచెం పైకి జరిపితే రెండు వరసల కింద కనబడింది.

ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. ఏ. ఎమ్. పీ. 'ఎమ్' అంటే మస్తాన్‌రావు, అందులో సందేహం లేదు. 'పీ' అంటే ప్రొప్రయిటర్. 'ఏ' అంటే ఏమిటో తేలలేదు గానీ, రెండు అక్షరాలు తేలాక మూడోదాని కోసం మనసు ఆగుతుందా? తాళం ఉన్నది ఇద్దరి దగ్గరే. తాను రాయలేదు. కాబట్టి వాడే రాశాడు. తన పక్కన ఉండడం ఇష్టంలేక, వాడి పేరును వేరే వరసలోకి దించుకుని, 'మస్తాన్‌రావు ప్రొప్రయిటర్' అని అన్నిసార్లు రాసుకున్నాడు. మనుషుల తెలివిని నేను తక్కువ చెయ్యను. మూడక్షరాలూ ఒక సెమికోలనూ ఇస్తే, వాటిలోంచి ముప్పై ఒక్క ఏళ్ల స్నేహానికి ద్రోహాన్ని పిండి తీయగలరు.

వెనక గదిలో మస్తాన్‌రావుకి ఇంగ్లీషుతో పేచీ లేదు. ఆయన అక్షరాలు చదవలేదు, దూరం చూశాడు. తెరలు కట్టే మనిషి కదా, ఏది ఎన్ని జానల కిందికి దిగిందో చూపుతోనే కొలుస్తాడు. తన పేరు ఒక్కో వరసా కిందికి దిగుతోంది. తాను దింపలేదు. తాళం ఉన్నది ఇద్దరి దగ్గరే. 'అన్న పేరు ముందేయమ్మా' అని తన నోటితో తానే చెప్పినందుకు, అన్న తనను మెల్లగా గుమ్మంలోంచి బయటికి నెడుతున్నాడని ఆయనకు అర్థమైంది.

ఎదురుగా కూర్చున్న మనిషిని 'ఏంది ఇది' అని ఒక్క మాట అడిగితే, ఆ పూటతో తేలిపోయేది. కానీ అడిగితే తాము చూస్తున్నట్టు, బాధపడుతున్నట్టు అవతలివాడికి తెలిసిపోతుంది. పోనీ రిజ్వానాను అడుగుదామా అంటే, ఇంటి గుట్టు వీధిన పెట్టుకున్నట్టవుతుంది. కాబట్టి ఇద్దరూ పెద్దమనుషుల్లా నోరు మూసుకుని, ఇవాళ ఇంకెంత దూరం నెట్టాడో చూద్దామని పేజీ తెరవడం మొదలుపెట్టారు. పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి, కొట్టు కట్టేసే ముందు ఒకసారి. తెరిచిన ప్రతిసారీ ధర్మం తప్పకుండా భద్రపరిచారు. భద్రపరిచిన ప్రతిసారీ నాకో తోక పెరిగింది, మస్తాన్‌రావు ఇంకొంచెం దిగాడు. ఎంత అనుమానిస్తే అంత దూరం, ఎంత దూరమైతే అంత అనుమానం. మధ్యలో ఇద్దరినీ కలిపి ఉంచడానికి పుట్టిన నేను.

సిగ్గేసింది. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

మాటలు మారాయి. 'మస్తానూ' అని పిలిచే శేషగిరి 'మస్తాన్‌రావు గారూ' అనడం మొదలుపెట్టాడు. 'అన్నా' అనే నోటితో మస్తాన్‌రావు 'శేషగిరి గారూ, తమరు టీ తీసుకుంటారా' అనేవాడు. వీధిలో వెళ్లేవాళ్లు విని, వయసు మీద పడ్డాక ఇద్దరికీ ఎంత మర్యాద వచ్చిందని మెచ్చుకున్నారు. తెలుగువాళ్లు ఒకరినొకరు ఉన్నట్టుండి 'గారూ' అనుకుంటున్నారంటే లోపల ఏదో విరిగిందని అర్థం. ఆ సంగతి బయటివాళ్లకి పట్టదు.

ఈలోగా పెదలంక కళాపరిషత్తు నుంచి ఫోను వచ్చింది. ఏటా వారం రోజులు పద్యనాటకాల పోటీలు పెట్టే పరిషత్తు అది. కార్యదర్శి వెంకటప్పయ్య గారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ కిరీటాలూ తెరలూ వీళ్లవే.

"శేషగిరీ, నీ సైటు చూశానయ్యా. కిరీటం బొమ్మ బాగుంది. ఆ పేర్ల మధ్య ఏందో రాశారు, మా మనవరాలు ఆంప్ ఆంప్ అని చదువుతోంది. ఆంప్లిఫయర్లూ మైకు సెట్లూ కూడా అద్దెకిస్తున్నారా ఏంది?"

"లేదండి మాస్టారూ."

"మరి మస్తాన్‌రావు పేరు ఎక్కడో అట్టడుగునుందే. విడిపోయారా ఏంది మీరు? విడిపోతే ముందే చెప్పండయ్యా. మాకు కిరీటాలూ తెరలూ ఒక్కచోటే కావాలి. సగం సగం మాటలైతే గుంటూరు వాళ్లకి చెప్పుకుంటాం. శుక్రవారం లోపల ఏదోటి తేల్చండి."

ఆ ఫోను స్పీకరులో ఉంది. వెనక గదిలో తెర మడతపెడుతున్న చప్పుడు ఆగిపోయింది. 'విడిపోయారా' అన్న మాటను ఆ కొట్టులో మొదటిసారి ఒక మనిషి నోరు విప్పి అన్నాడు. దానికి శేషగిరి ఏమంటాడోనని మస్తాన్‌రావు విన్నాడు. 'లేదండి' అనలేదు. శేషగిరి చెప్పింది 'మళ్లీ చేస్తానండి' అని.

మర్నాడు పంపకాలు మొదలయ్యాయి. గొడవేమీ లేదు, గొంతు పెంచింది లేదు. 'తమరు తీసుకోండి' అంటే 'తమరే తీసుకోండి' అనుకుంటూ, పెళ్లివారి బంతిలో వడ్డించుకున్నంత మర్యాదగా పంచుకున్నారు. కిరీటాలు శేషగిరికి, తెరలు మస్తాన్‌రావుకి. అంతవరకు తేలికే. విల్లు ఎవరిది? అద్దాలు అతికించాడు గనక శేషగిరిది. అంబులు ఎవరివి? వాటిని తెర కర్రల మిగులుతో చెక్కింది మస్తాన్‌రావు. అలా అర్జునుడి విల్లు ఒక గోడకీ అంబులు ఇంకో గోడకీ చేరాయి. రావణుడి పది తలల పలక మాత్రం కదల్లేదు. దాని తలలు శేషగిరి చేసినవి, వాటిని పట్టి ఉంచే చట్రం మస్తాన్‌రావు బిగించినది. ఇద్దరూ దాని ముందు కాసేపు నిలబడ్డారు. మేకులు ఊడదీద్దామా అని ఒకరూ అనలేదు. దాన్ని అలాగే గోడకు ఆనించి, అన్నాలకు వెళ్లిపోయారు.

గురువారం పొద్దున్నే శేషగిరి రిజ్వానా నెట్ సెంటరుకి వచ్చాడు. ఆయన మనసు ఎక్కడుందో నాకు తెలుసు. నా మీదే ఉంది. కొట్టు ఇంకా పూర్తిగా తెరవలేదు. రిజ్వానా కంప్యూటర్ల మీద గుడ్డతో దుమ్ము దులుపుతోంది.

"అమ్మాయ్, సైటులో పేరు మార్చాలి. ఆ మధ్యలో అండ్ అని ఉందే, అక్కడినుంచి ఎనకాల అంతా తీసెయ్. 'శేషగిరి డ్రామా డ్రెస్సుల కంపెనీ' అని చాలు."

"ఏంది బాబాయ్, మస్తాన్‌రావు బాబాయ్ పేరు తీసెయ్యాలా?"

"ఆయనే తీసుకుపోతన్నాడులే అమ్మా. నేను దారి ఇస్తన్నా అంతే."

ఆమె ఇంకేదో అడగబోయేంతలో గుమ్మంలో మస్తాన్‌రావు కనబడ్డాడు. ఆయన వచ్చింది కూడా ఆ పనికే. తన పేరుతో వేరే పేజీ పెట్టించుకుని, ఈ పేజీలోంచి తన పేరు తీయించేసుకుందామని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, 'తమరు కానివ్వండి' అంటే 'తమరే కానివ్వండి' అనుకున్నారు.

రిజ్వానా పేజీ తెరిచింది. జూన్ నెలంతా కాలేజీ అప్లికేషన్ల రద్దీలో పడి, పేజీ చేసిచ్చాక ఆమె మళ్లీ దాని మొహం చూడలేదు. నన్ను చూసి గుడ్డ కింద పడేసింది. తెరంతా తోకలే. వేలు పెట్టి లెక్కపెడితే తొంభై ఒకటి.

"ఇన్నిసార్లు ఎవరు సేవ్ చేశారు బాబాయ్?"

"ఆయన్నే అడుగు," అన్నాడు శేషగిరి.

"నన్నెందుకు అడగటం? పేరు ఎవరిది దిగిందో వాళ్లు దింపుకుంటారా?" అన్నాడు మస్తాన్‌రావు.

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే, మీరు రోజూ ఎట్టా తెరుస్తారో నాకు ఒకసారి చూపించండి బాబాయ్," అని శేషగిరి ముందు చెయ్యి చాపింది.

శేషగిరి ఫోను తీశాడు. బొమ్మ నొక్కాడు. పేరు చూశాడు, వేలితో కిందికి వెళ్లాడు, మస్తాన్‌రావు పేరు కనబడేదాకా వెళ్లాడు, పైకి వచ్చాడు. ఏ అక్షరాన్నీ ముట్టుకోలేదు. 'భద్రపరచు' నొక్కి, నొక్కుకుందో లేదో చూసి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. రిజ్వానా తన కంప్యూటర్లో పేజీని మళ్లీ తెరిచి లెక్కపెట్టింది. తొంభై రెండు.

"మీరేమీ మార్చలేదుగా బాబాయ్. మరి అదెందుకు నొక్కారు?"

ఆ ప్రశ్న శేషగిరికి అర్థం కాలేదు. జవాబు మస్తాన్‌రావు చెప్పాడు, అంత తెలివితక్కువ ప్రశ్న తాను ఎన్నడూ విననట్టు.

"తెరిచింది కట్టకుండా లేస్తామా అమ్మా?"

అన్నాక ఆయన నోరు అలాగే ఉండిపోయింది. శేషగిరి మెల్లగా ఆయనవైపు తిరిగాడు.

"నువ్వు కూడా నొక్కుతన్నావా?"

"నువ్వు నొక్కట్లా?"

రిజ్వానా కుర్చీ లాక్కుని కూర్చుని, మొత్తం విడమరిచి చెప్పింది. నన్ను చుట్టి పెట్టడం, విప్పి చూపించడం, తాను విప్పే ముక్క మరిచిపోవడం. "కిరీటం పెట్టెలో పెట్టేటప్పుడు పాత చీర ముక్కలో చుడతారు గదా బాబాయ్. తీసిన ప్రతిసారీ ఆ ముక్క విప్పకుండా పైన ఇంకో ముక్క చుట్టుకుంటూ పోయారనుకోండి. అదీ జరిగింది. తప్పు నాది. మీలో ఎవరూ ఏమీ రాయలా," అంది. శేషగిరికి ఇట్టే అర్థమైంది. కంప్యూటరు సంగతిని అంత తొందరగా అర్థం చేసుకున్నవాణ్ణి ఆమె అంతవరకు చూడలేదట. తేలికపడి, ఆమె నవ్వింది. వాళ్లిద్దరూ నవ్వలేదు.

మస్తాన్‌రావు తెర మీది తోకల వైపు వేలు చూపించాడు.

"ఆ అక్షరాలు మిషన్ వేసింది. సరే. నేను అట్టాంటోణ్ణని అనుకున్నది మిషన్ కాదుగా."

శేషగిరి తల దించుకున్నాడు. కాదని బుకాయించవచ్చు. వయసులో పెద్దవాడు, మాటకారి, నాలుగు పద్యాలు కంఠస్థం వచ్చినవాడు. ఆయన ఆ దారిన పోలేదు.

"అనుకున్నా," అన్నాడు. "నువ్వు?"

"నేనూ అనుకున్నా."

ఇంతకన్నా నిజమైన మాటలు ఆ ఇద్దరి మధ్య ముప్పై ఒక్క ఏళ్లలో ఎప్పుడైనా వచ్చాయో లేదో నాకు తెలియదు. అవి వింటుంటే నాకు సంతోషం కలగలేదు, దిగులు కలిగింది. తోకల్ని కోసేస్తే పోతాయి. ఈ 'అనుకున్నా' అన్నదాన్ని ఏ మీట నొక్కి తీసేస్తారు?

రిజ్వానా మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ప్రోగ్రాములో మరిచిపోయిన ముక్క రాసింది. తోకలన్నీ ఒక్కసారి పట్టుకుని చెరిపేసింది. మస్తాన్‌రావు పేరు జర్రున పైకి వచ్చి నా పక్కన నిలబడింది. శేషగిరి, నేను, మస్తాన్‌రావు, మళ్లీ ఒకే వరసలో. అప్పుడామె చెయ్యి ఆపింది. ఇద్దరూ వచ్చిన పని వేరని ఆమెకి గుర్తుంది. నా పక్కన కర్సరు గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది. చెరిపే మీట మీద ఒక్క దెబ్బ చాలు, నేను ఉండను. నాకు భయం వేసింది.

"బాబాయ్, ఈ అండ్ ఉంచనా? తీసెయ్యనా?"

మస్తాన్‌రావు గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు.

"రేపు శుక్రవారం. మాస్టారు ఫోను చేస్తాడు."

"చెయ్యనీ."

"ఏం చెప్పాలి?"

శేషగిరి కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. తుడవడానికి అద్దం మీద ఏమీ లేదు.

"ఇద్దరం వస్తన్నామని చెప్పు మస్తానూ."

మస్తాన్‌రావు, "అట్టాగేలే అన్నా," అన్నాడు. రిజ్వానా ఇంక వాళ్లని అడగలేదు. నన్ను అలాగే ఉంచి, పేజీ మూసేసింది.

ఇక్కడితో అంతా సర్దుకుపోయిందని చెబితే మీకు బాగుంటుంది. నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. పెదలంకలో వారం రోజులూ ఆటలు బాగా జరిగాయి. కానీ పేజీ బాగైన మర్నాటినుంచే శేషగిరి పేజీ తెరవడం మళ్లీ మొదలుపెట్టాడు. మస్తాన్‌రావు కూడా. ఇప్పుడు ఎన్నిసార్లు భద్రపరిచినా నాకు తోక మొలవదు కదా, వాళ్లు వచ్చి వెళ్లినట్టు ఎవరికీ తెలియదు, నాకు తప్ప. పొద్దున శేషగిరి వచ్చి మస్తాన్‌రావు పేరు తన పక్కనే ఉందో లేదో చూసుకునేవాడు. మధ్యాహ్నం మస్తాన్‌రావు వచ్చి తాను ఉన్న చోటే ఉన్నాడో లేదో చూసుకునేవాడు. రిజ్వానా చేసిన మరమ్మతు నన్ను బాగుచేసింది గానీ వాళ్లను కాదు.

రోజుకు మూడుసార్లు వచ్చేవాళ్లు రెండుసార్లకు తగ్గారు. తర్వాత రోజు మార్చి రోజు. దసరా సెలవుల ముందు స్కూళ్ల హడావుడిలో వారానికి ఒకసారి. ఒకసారి శేషగిరి పేజీ తెరిచి, పేర్ల వైపు చూడనైనా చూడకుండా కిరీటం ఫొటోను ఎవరికో చూపించి మూసేశాడు. భద్రపరచడం మరిచిపోయాడు. అది ఆయన ఒట్టేసుకున్నాక కట్టకుండా లేచిన మొదటి పెట్టె అనుకుంటాను.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఇవాళ్టికి నలభై మూడు రోజులు. ఇంత కష్టపడి చేసిన సైటును కట్టించుకున్నవాళ్లే చూడడం లేదని రిజ్వానా ఆ దారిన పోయేవాళ్లందరితో చెప్పుకుని నొచ్చుకుంటోంది. ఆమె బాధ న్యాయమైనదే. చూసేవాళ్లు లేని పేజీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అంటారు.

నాకు మాత్రం ఇంత నిశ్చింతగా ఎప్పుడూ లేదు. ఎడమవైపు శేషగిరి ఉన్నాడు, కుడివైపు మస్తాన్‌రావు ఉన్నాడు. వాళ్లు ఉన్నారో లేదో అని ఎవరూ వచ్చి చూడడం లేదు.